మేజామీది స్పీకర్లు

కంప్యూటరుకు చవకలో యే స్పీకర్లు కొనాలని ఒక సోదరి అడిగారు. పిల్లవాడి పాఠాలూ, అత్తగారి కీర్తనలూ అందులోనేనట. చేతిలో వున్నది రెండువేలు.

అమ్మా, అట్టపెట్టెమీది వాట్లు నమ్మకండి. పి.ఎం.పి.ఓ. పేరుతో వందలకొద్దీ వేస్తారు, అది వట్టి అలంకారం. ఆర్.ఎం.ఎస్. అనే అంకె చూడండి. తీగ యెక్కడికి పోతుందో చూస్తే అసలు గుట్టు తెలుస్తుంది. యు.ఎస్.బి. పోర్టునుంచే కరెంటు తీసుకొనే జత అయితే, పాతరకం పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు. వెరసి రెండున్నర వాట్లు. అందులోంచి వంద వాట్ల మోత యెలా వస్తుంది? అయినా రెండు మూరల దూరంలో కూర్చుని వినేవారికి ఆ కాస్త చాలు. గది నిండాలంటే గోడప్లగ్గువి కావాలి.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోగాని, చెన్నై రిచీ వీధిలోగాని కొట్టువాడు దడదడలాడే సినిమాపాటే పెడతాడు. మీరు మాత్రం అత్తగారి కీర్తన పెట్టించి, ధ్వని తగ్గించి వినండి. మాట తెలియాలి. పిమ్మట పాట ఆపించి, మీట పూర్తిగా తిప్పండి. బుసకొట్టే జత వద్దు. మృదంగం యెడమవైపు గంభీరనాదం ఇంత చిన్న డబ్బాలో పలకదు, దానికి విచారపడకండి. బ్లూటూతుకని అదనంగా ఇవ్వనక్కరలేదు. బిల్లు మాత్రం అడిగి పుచ్చుకోండి, కొన్నాళ్లకు ఒకవైపు మూగబోవడం కద్దు.

ఇంట్లో రెండు లావుపాటి పుస్తకాలమీద, చెవి యెత్తుకు పెట్టి మీవైపు తిప్పండి. అత్తగారికి సరిగా వినపడకపోతే ధ్వని పెంచకండి, ఆవిడ కుర్చీ దగ్గరకు జరపండి.