తొందరగా వచ్చిన టీకా, ఆలస్యంగా వచ్చిన లెక్క

“ఏడాదిలో టీకా ఎలా తయారయిందయ్యగారూ? అంత తొందరగా చేసింది మంచిదేనా?” కొవిడ్ రోజులు గడిచిపోయినా మన ఆలమూరు చుట్టుపక్కల సంఘాల్లో ఈ మాట ఇంకా వినబడుతూనే ఉంది. అడిగినవారిని అవిశ్వాసులని తోసిపుచ్చకూడదు. గాయాలు చూస్తేనే నమ్ముతానన్న తోమాకు ప్రభువు గాయాలు చూపించాడు, గద్దించి పంపేయలేదు.

హైదరాబాదులో భారత్ బయోటెక్ చేసిన కొవాగ్జిన్‌నే తీసుకుందాం. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసి ఇచ్చిన వైరస్‌ను పెంచి, చంపి, దానితో టీకా చేశారు. ఇది కొత్త విద్యేమీ కాదు. 1955లో వచ్చిన సాల్క్ పోలియో టీకాదీ ఇదే పద్ధతి. మామూలుగా ఒక దశ ముగిశాక, ఫలితం చూసి, డబ్బు సమకూర్చుకుని తర్వాతి దశకు వెళతారు. ఈసారి దశలను ఒకదాని వెంట ఒకటిగా తోసుకుంటూ వెళ్లారు. ఫలితం తెలియకముందే డోసులు తయారుచేసి నిల్వపెట్టారు. టీకా పనిచేయకపోతే ఆ డబ్బంతా నష్టమే. కాలం చాలావరకు అక్కడ కలిసొచ్చింది.

చిక్కంతా అనుమతి దగ్గర వచ్చింది. టీకా జబ్బును నిజంగా ఆపుతుందా అన్నది వేలమందిమీద జరిపే మూడో దశలోనే తేలుతుంది. కొవాగ్జిన్‌కు ఆ దశ 2020 నవంబరులో 25,798 మందితో మొదలయింది. ఆ లెక్క రాకముందే, 2021 జనవరి 3న, “క్లినికల్ ట్రయల్ పద్ధతిలో” అంటూ అత్యవసర వాడుకకు అనుమతి ఇచ్చేశారు. అప్పుడు ఆ టీకా వేయించుకున్న ఆరోగ్య సిబ్బంది అంగీకారపత్రంమీద సంతకం చేయాల్సి వచ్చింది. మధ్యంతర లెక్క మార్చిలో కంపెనీ చెప్పింది. 77.8 శాతం అన్న తుది లెక్క లాన్సెట్ పత్రికలో అచ్చయ్యేసరికి నవంబరు వచ్చింది. టీకా పనిచేసింది, సంతోషం. అయితే అనుమతి ఇచ్చిననాడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలోకే వాట్సాప్ ప్రవక్తలు దూరారు (వారిలో కొందరు మన వేదికలమీదివారే, చెప్పడానికి సిగ్గుగా ఉంది).

పేదవారికి ఈ భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను వేలాది బాలికలకు వేశారు. వారిలో గిరిజన వసతిగృహాల పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోయినా, దానికి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలినా తేలకపోయినా, అమ్మానాన్నలను అడగకపోవడం మాత్రం నిజం.

మరో మహమ్మారి వస్తే కొత్త మందుల పరీక్షలకు మనుషులు కావాలి. కొన్ని వేలమంది ముందుకు రానిదే ఏ మందూ తయారుకాదు, మన విశ్వాసులు వెళ్లినా అది మంచి పనే. వెళ్లేవారు అంగీకారపత్రాన్ని తమకు అర్థమయ్యే భాషలో చదివించుకోవాలి, ఒక ప్రతి అడిగి తీసుకోవాలి. హాని జరిగితే ఉచిత వైద్యం, పరీక్షవల్లనే జరిగిందని తేలితే పరిహారం 2019 నిబంధనల ప్రకారం వారి హక్కు. నచ్చకపోతే మధ్యలో మానుకోవచ్చు కూడా. చదువురానివారికి ఆ కాగితం చదివిపెట్టడానికి మన యౌవనస్థుల్లో ఒకరు తోడు వెళ్లవచ్చు.