యాసకు చప్పట్లు, కులానికి మౌనం

వారాంతం రాగానే రియాలిటీ షో వ్యాఖ్యాత పోటీదారుల గుణగణాలను తూకం వేస్తాడు. ఒకరు నిజాయితీపరులు, మరొకరు కోపిష్టి, ఇంకొకరు ముసుగు వేసుకున్న మనిషి. ప్రేక్షకులు ఆ తూకాన్ని ఒప్పుకొనో కాదనో ఓటు వేస్తారు. ఈ తీర్పులన్నింటికీ ఆధారం ఒకే నమ్మకం: స్వభావం మనిషి లోపలే పుడుతుంది, కెమెరా దాన్ని బయటపెడుతుంది. ఒక ఊరు, ఒక వీధి, ఒక కులం, ఒక కరువు కలిసి మనిషిని తయారుచేస్తాయన్న సంగతికి ఆ తూకంలో చోటు లేదు. వినోద కార్యక్రమానికి ఇంత చర్చ అవసరమా అని కొందరు అడగవచ్చు. నేడు లక్షలాది ఇళ్లలో మనుషుల మంచిచెడ్డలపై తీర్పుచెప్పే భాష ఈ కార్యక్రమాల నుంచే వస్తోంది గనుక అవసరమే.

తెలుగులో బిగ్‌బాస్ 2017లో మొదలైంది. 2019 మూడో సీజన్‌లో ప్రొద్దుటూరు నుంచి వచ్చిన హాస్యనటుడు మహేష్ విట్టా ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. యూట్యూబ్ హాస్య వీడియోల్లో కడప యాసతో పేరు తెచ్చుకున్న ఆయన, దాదాపు 12 వారాలు ఇంట్లో నిలిచాడు. 2022లో ఓటీటీ కోసం చేసిన 'నాన్‌స్టాప్' సీజన్‌లోనూ పాల్గొన్నాడు. ఆ సీజన్ విజేత బిందుమాధవిది మదనపల్లె; తెలుగు బిగ్‌బాస్‌లో గెలిచిన తొలి మహిళ ఆమె. అదే ఏడాది ఆరో సీజన్‌లో గీతూ రాయల్ చిత్తూరు యాసతో వచ్చింది. 2023 ఏడో సీజన్‌లో అనంతపురం నుంచి వచ్చిన అమర్‌దీప్ రెండో స్థానంలో నిలిచాడు. సీమకు ఆ ఇంట్లో చోటు దొరకలేదనడానికి వీల్లేదు. ప్రశ్న వేరే ఉంది: ఆ ఇంట్లోకి సీమలో ఏ భాగాన్ని రానిచ్చారు, ఏ భాగాన్ని గడప దగ్గరే ఆపేశారు?

రానిచ్చింది యాసను. యాస వినిపించని చోట సీమ కూడా ఎవరికీ గుర్తుకు రాలేదు. ఒకే సీజన్‌లో, ఒకే ఇంట్లో ఉన్నప్పటికీ మహేష్ విట్టా 'సీమ బిడ్డ' అయ్యాడు, బిందుమాధవి కాలేదు. అంటే ప్రాంతం ఇక్కడ చెవికి తగిలే ఒక వస్తువు. నవ్వుకో, భయానికో పనికొచ్చినంత వరకే దానికి గిరాకీ.

ఈ గిరాకీని తయారుచేసింది సినిమా. 1997లో వచ్చిన 'ప్రేమించుకుందాం రా'తో కర్నూలు ముఠా కక్షలు తెరకెక్కాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' ఆ దారిని రాజమార్గం చేశాయి. కర్నూలు జిల్లా శిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి వంటి గొప్ప నటుడు మొదట ఆ యాసతో ప్రతినాయకుడయ్యాడు, తర్వాత అదే యాసతో హాస్యనటుడయ్యాడు. ఆయన ప్రతిభ నిస్సందేహమైనది. కానీ ఒక ప్రాంతపు నుడికారానికి రెండే ఉద్యోగాలు దొరికాయన్నది గమనించాలి: నరకడం, నవ్వించడం. తెలంగాణ యాసకు ఉద్యమం గౌరవాన్ని సంపాదించి పెట్టింది. సీమ యాసకు అలాంటి వెన్నుదన్ను లేదు. అందుకే సీమ నుంచి వచ్చిన పోటీదారు గొంతు పెంచితే 'సీమ రక్తం' అంటారు, తగ్గితే 'సీమవాడై ఉండి భయపడ్డాడు' అంటారు. రెండు వైపులా శిక్షే.

ఈ 'సీమ రక్తం' అనే ఊహలో కులం ఎలా మాయమైందో చూడాలి. ముఠాలకు నాయకత్వం వహించినవి ప్రధానంగా భూమి, పలుకుబడి ఉన్న కుటుంబాలు. వాటి వెంట నడిచి, బాంబులు మోసి, కోర్టుల చుట్టూ తిరిగి, ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో వెనుకబడిన కులాల, దళిత కులాల పేదలు ఎందరో ఉన్నారు. సీమ ముఠా రాజకీయాలను పరిశీలించిన బాలగోపాల్ వంటివారు ఆ హింస మూలాలను మనుషుల నెత్తురులో వెతకలేదు. ఊరిమీద పెత్తనంలో, వనరుల మీద పట్టులో వెతికారు. సినిమా మాత్రం నాయకుడి మీసాన్ని మొత్తం ప్రాంతానికి అతికించింది. బోయ, కురుబ, మాల, మాదిగ, దూదేకుల, తొగట కుటుంబాల్లో పుట్టిన పిల్లలు కూడా తమవి కాని పౌరుషాన్ని తమ పేరున మోయవలసి వచ్చింది. పెత్తనం ఒకరిది, పేరు అందరిదీ.

నిజానికి కడప, కర్నూలు ప్రాంతపు చిన్న పట్టణాల్లో 'సీమ యాస' అనే ఏకరూప వస్తువు ఎక్కడా లేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి మాట వేరు, జమ్మలమడుగు మగ్గాల వీధి మాట వేరు. దక్కనీ ఉర్దూ ఇంట్లో మాట్లాడే ముస్లిం కుటుంబం తెలుగు వేరు, కన్నడం కలిసిన ఆదోని వైపు తెలుగు వేరు, ఊరిచివర మాదిగ వాడ తెలుగు వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో 1962లో వ్యవసాయ పదాలతో మొదలై, తర్వాత చేనేతకు విస్తరించిన మాండలిక వృత్తి పదకోశాలు ఒక సత్యాన్ని రూఢి చేశాయి: తెలుగు ప్రాంతాన్ని బట్టే కాదు, వృత్తిని బట్టి కూడా మారుతుంది. వృత్తి కులాన్ని అంటిపెట్టుకున్న సమాజంలో యాసను విన్నామంటే కులాన్ని కూడా విన్నట్టే. టెలివిజన్ ఈ యాసలన్నింటినీ కలిపి ఒకే ముద్దగా చేసి, దానికి ప్రాంతం పేరు పెట్టి, కులాన్ని వడకట్టేసింది.

అలాంటి పట్టణంలో పెరిగిన మనిషికి కొన్ని అలవాట్లు అబ్బుతాయి. మొదటిది గొంతు. చేను గట్టు మీద నుంచి, మగ్గాల చప్పుడు మధ్య నుంచి, సంతలో బేరం దగ్గర మాట్లాడే మనిషి గొంతు గదిలో మాట్లాడే మనిషి గొంతులా ఉండదు. అది కోపం కాదు, దూరం. రెండోది బహిరంగత. అరుగు మీదా, టీ అంగడి ముందూ ఒకరి సంగతి పదిమంది మాట్లాడుకోవడం తగాదాను తీర్చే పద్ధతుల్లో ఒకటి. బిగ్‌బాస్ ఇంట్లో అదే పనికి 'వెనక మాట్లాడటం' అని పేరు, నామినేషన్‌కు అది చాలినంత కారణం. మూడోది వరస. సీమ పల్లెల్లో అన్నా, అక్కా, మామా, పెదనాయనా అన్న పిలుపులు కులం గీతను దాటి వెళ్తాయి. చూసేవారికి ఎంతో ముచ్చటగా ఉంటాయి. అయితే గౌరవం మాత్రం ఆ గీతను అంత సులభంగా దాటదు. డెబ్భై ఏళ్ల మాదిగ పెద్దాయన ఇరవై ఏళ్ల కుర్రవాడిని 'రెడ్డీ' అనో 'సామీ' అనో పిలవడం, ఆ కుర్రవాడు ఆయనను 'యోవ్' అనడం పాతకాలపు కథ మాత్రమే కాదు. చిలుకూరి దేవపుత్ర, నాగప్పగారి సుందర్రాజు తమ రచనల్లో చూపిన సీమ ఇదే. ఎవరిముందు ఎంత గొంతుతో మాట్లాడవచ్చో బిడ్డకు ఐదారేళ్లకే తెలిసిపోతుంది. కాబట్టి 'ముఖం మీదే చెప్పేస్తాడు' అనే ప్రశంస కూడా అందరికీ సమానంగా అందదు. ముఖం మీద చెప్పినందుకు దెబ్బలు తినని ఇంట్లో పెరిగినవాడికే అది సహజగుణం. మిగిలినవారికి అది సంపాదించుకోవలసిన ధైర్యం. ఇక ఆడపిల్లకైతే అదే గుణం 'గయ్యాళితనం'గా పేరు మారుస్తుంది.

కరువు నేల నేర్పే చదువు మరొకటి ఉంది. కోసిగి, మంత్రాలయం, పత్తికొండ వైపు నుంచి ఏటా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపో, పనుల కోసం కర్ణాటక వైపో వలసపోతాయి. దాన్ని ఆ ప్రాంతంలో 'సుగ్గి' అంటారు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఆడామగా కువైట్ పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, హాస్టళ్లలోనో మిగులుతారు. కొందరు తల్లిదండ్రులతో పాటే గుడిసెల్లోకి చేరతారు. ఇంటికి దూరంగా, ముక్కూమొగం తెలియని మనుషుల మధ్య, లెక్కగట్టిన తిండితో నెలల తరబడి బతకడం వీరికి పరీక్ష కాదు, బాల్యం. వంద రోజులపాటు ఫోను లేకుండా, రేషన్‌తో ఒక ఇంట్లో ఉండటాన్ని మనం టీవీలో మహాసాహసంగా చూస్తాం. ఏటా అంతకన్నా కఠినమైన వంద రోజులు గడిపి వచ్చే బోయ, మాదిగ కూలీల ఓర్పుకు మాత్రం మన భాషలో 'వ్యక్తిత్వం' అన్న మాట వాడం. దానికి 'అలవాటు' అని పేరు పెట్టి చేతులు దులుపుకుంటాం.

కులం బిగ్‌బాస్ ఇంట్లోకి రాలేదని ఎవరైనా అనుకుంటే పనుల పంపకం దగ్గర ఆగి చూడాలి. వంట, గిన్నెలు, చీపురు, స్నానాలగది. ఈ నాలుగు పనులకూ మన సమాజంలో నాలుగు కులస్థాయులు ఉన్నాయి. రకరకాల పుట్టుకల మనుషులు ఒకే మరుగుదొడ్డిని వంతులవారీగా శుభ్రం చేయడం నిజానికి గొప్ప సామాజిక దృశ్యం. వంటింట్లో ఎవరు చేసినా అందరూ తినడం కూడా అంతే. ఇంతటి అవకాశాన్ని చేతిలో పెట్టుకొని కార్యక్రమం ఏం చేస్తోంది? శుభ్రం చేసే పనిని అప్పుడప్పుడు ఓడినవారికి శిక్షగా విధిస్తుంది. పాకీపనిని పుట్టుక శిక్షగా మార్చిన దేశంలో ఆ దృశ్యం అమాయకమైనది కాదు.

పొరుగు భాషల్లో ఈ ముసుగు కొన్నిసార్లు జారింది. 2017లో తమిళ బిగ్‌బాస్ మొదటి సీజన్‌లో ఒక పోటీదారు మరొకరి నడవడిని 'చేరి' ప్రవర్తన అని తూలనాడింది. చేరి అంటే దళితవాడ. గొడవ పెద్దదైంది. 2023లో కన్నడ బిగ్‌బాస్‌లో ఒక పోటీదారు 'వడ్డ' అన్న మాటను తిట్టుగా వాడినందుకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. అక్కడ భోవి సమాజం షెడ్యూల్డ్ కులాల్లో ఉంది. మన సీమలో రాళ్లు కొట్టి, బావులు తవ్వి, ఇళ్లు లేపిన వడ్డెరలు వెనుకబడిన తరగతుల్లో ఉన్నారు. రెండు సందర్భాల్లోనూ విమర్శకు గురైంది 'ప్రవర్తన', దాన్ని కొలిచిన గజంబద్ద మాత్రం కులం. బ్రిటన్‌లో 2007లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్ ఇంట్లో శిల్పాశెట్టికి జరిగిన అవమానంపై నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. అక్కడి సమాజం దాన్ని జాతివివక్ష అని పేరు పెట్టి చర్చించింది. ఆ వివాదంలో ప్రధానంగా నిందపడిన జేడ్ గూడీ లండన్ శ్రామికవర్గంలో నుంచి వచ్చిన స్త్రీ. ఆమె యాసను, చదువులేమిని అంతకుముందు అక్కడి పత్రికలు ఏళ్ల తరబడి ఎగతాళి చేశాయి. వర్గమూ జాతీ ఒకే గదిలో ఎలా తలపడతాయో ఆ ఉదంతం చూపింది. తెలుగులో మనకు అలాంటి చర్చ జరగలేదు. అంటే మన ఇల్లు పరిశుభ్రమని కాదు, మన మౌనం పకడ్బందీగా ఉందని.

ఈ వాదానికి ఎదురు చెప్పేవారు రెండు మాటలంటారు. ఒకటి, ఈ కార్యక్రమాలు సామాన్యులకు తలుపులు తెరిచాయి కదా అని. నిజమే. 2020లో లంబాడిపల్లి గంగవ్వ, 2023లో 'రైతుబిడ్డ'గా వచ్చి గెలిచిన పల్లవి ప్రశాంత్ అందుకు సాక్ష్యం. ఆ గెలుపుల విలువను తగ్గించనక్కరలేదు. కానీ 'రైతుబిడ్డ' అన్న మాటకు దక్కిన ఆదరణ 'కూలిబిడ్డ' అన్న మాటకు దక్కుతుందా? 'మాదిగ బిడ్డ' అని ఒకరు తొలిరోజు వేదిక మీద పరిచయం చేసుకుంటే చప్పట్లు మోగుతాయా, లేక 'ఇక్కడ కులమెందుకు' అన్న హితబోధ మొదలవుతుందా? రెండో మాట, మనిషిని కులంతో చూడటమే తప్పని. మనిషిని కులానికి కుదించడం తప్పే. ఈ వ్యాసంలో పేర్కొన్న పోటీదారుల కులాలేమిటో వెతకడం నా ఉద్దేశం కాదు, అది అనవసరం కూడా. ప్రశ్న వ్యక్తుల పుట్టుక గురించి కాదు; పుట్టుక తయారుచేసిన అలవాట్లను గుణదోషాలుగా మార్చి ఓటింగుకు పెట్టే యంత్రం గురించి.

ఈ యంత్రం స్టూడియోలో ఆగదు. కర్నూలు, కడప నుంచి నగరానికి వచ్చిన విద్యార్థిని ఉద్యోగపు మౌఖిక పరీక్షలో, పరిశోధన ప్రవేశపు గదిలో, హాస్టల్ మెస్సులో ఇదే పదజాలం కొలుస్తుంది. 'యాటిట్యూడ్ ఉంది', 'కమ్యూనికేషన్ లేదు', 'టీముతో కలవడు', 'త్వరగా ఆవేశపడతాడు'. మొదటి సెమిస్టరులో ధారాళంగా మాట్లాడిన పిల్లలు మూడో సెమిస్టరుకు యాసతోపాటు మాటనూ మింగేయడం తరగతి గదిలో నేను ఏటా గమనిస్తున్నాను. వారిలో ఎక్కువమంది తమ కుటుంబాల్లో తొలితరం చదువరులు. వారికి కొరవడింది వ్యక్తిత్వం కాదు. తమ వ్యక్తిత్వాన్ని ఏ బడిలో నేర్చుకున్నారో ఎదుటివారు గుర్తించకపోవడమే అసలు లోటు.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కులనింద, వాడలను హీనపరిచే ఉపమానం ఇంట్లో వినిపిస్తే దాన్ని కత్తిరించి దాచడమో, వారాంతపు నవ్వులాటగా మార్చడమో కాకుండా, వ్యాఖ్యాత పేరుపెట్టి ఖండించే నియమాన్ని ప్రసార సంస్థలు పెట్టుకోవాలి. పారిశుద్ధ్యపు పనిని శిక్షగా చూపడం వెంటనే మానాలి. సీమ యాసలో రాసే రచయితలకు నరుకుడు, నవ్వులాట కాక మూడో పాత్రను సినిమా, టెలివిజన్ ఇవ్వాలి. విశ్వవిద్యాలయాలు మౌఖిక పరీక్షల్లో 'వ్యక్తిత్వం' పేరిట వేసే మార్కులకు లిఖితపూర్వకమైన కొలమానం చూపాలి. ఆ కొలమానాన్ని అడిగే హక్కు విద్యార్థి సంఘాలకు ఉంది. ఈ విద్యాసంవత్సరంలోనే అడగాలి.