ఎఫ్‌టీఎల్ అడుగుతాం, అలల సంగతి అడగం

హైదరాబాద్ శివారు దూలపల్లిలో ఇవాళ వంద గజాలు కొనేవాడు కూడా ధర కంటే ముందు అడిగే మాట: "ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా?" అంటే, చెరువు నిండితే నీళ్లు చేరే గీత లోపల లేదు కదా అని. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్ సాగర్ చెరువు పొంగి, ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో నానింది. అప్పటికీ బుద్ధి రానివాళ్లకు 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లతో వచ్చి చెప్పింది. ఇప్పుడు చెరువు పక్క ప్లాటంటే ఏజెంటే గొంతు తగ్గిస్తాడు.

అదే మనిషి విశాఖ దగ్గర భీమిలి వైపు సైటు చూడ్డానికి వెళ్తే మారిపోతాడు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తే చాలు, పైన ఇంకొంత ఇవ్వడానికీ సిద్ధం. ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాడు, లోను వస్తుందో లేదో కనుక్కుంటాడు. మరీ జాగ్రత్తపరుడైతే తీర ప్రాంత నిబంధనల (సీఆర్‌జెడ్) అనుమతి అడుగుతాడు. పదేళ్ల క్రితం ఒడ్డు ఎక్కడుండేదని మాత్రం అడగడు. చెరువు గీత ఒకచోట గీసి ఉంటుంది. సముద్రం గీత జరుగుతూ ఉంటుంది.

అది జరిగితే ఎలా ఉంటుందో ఉప్పాడలో కనిపిస్తుంది. కాకినాడ నుంచి వెళ్లే బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా కోసుకుపోతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టిన గోడనూ అలలు చీల్చేశాయి. ఒడ్డున ఇళ్లలో కొన్నింటికి మూడు గోడలే మిగిలాయి, నాలుగో గోడ ఉండాల్సిన చోట నీళ్లు. గుమ్మానికి పసుపు మాత్రం ఇంకా ఉంటుంది.

పాపమంతా మంచు కరిగి సముద్రం పెరగడానిదే అనలేం. గోదావరి ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది, కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ ఇసుక మేట పెరుగుతూ అలల దారి మళ్లిస్తోంది, రేవు పనుల పాత్ర గురించీ నిపుణులు చెబుతూనే ఉన్నారు. అయితే వీటన్నిటి కిందా నీటిమట్టం లేస్తోంది. వాతావరణ మార్పులపై ఐరాస సంఘం ఐపీసీసీ లెక్క ప్రకారం 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు పెరుగుదల 20 సెంటీమీటర్లు. 2006 తర్వాత అది ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల వేగం అందుకుంది. మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. వాలు లేని డెల్టా ఒడ్డున నీరు నిలువునా బెత్తెడు లేస్తే అడ్డంగా ఎంతో లోపలికి వస్తుంది. తుపాను ఉప్పెన కూడా ఆ బెత్తెడు మీద నుంచే మొదలవుతుంది.

ఇల్లు పోతే విపత్తు సాయం కింద ఎంతోకొంత వస్తుంది. ఇంటి కింది నేలకు మార్కెట్ ధర ఎవరూ కట్టివ్వరు. విచిత్రమేమంటే, నీళ్లలో కలిసిన ఆ స్థలానికి ఈసీ తీస్తే ఏ చిక్కూ లేని ఆస్తిలాగే కనిపిస్తుంది. సముద్రం రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టదు మరి!

అమెరికాలో ముంపు ముప్పున్న ఇళ్లు, తీరానికి అంతే దూరంలో ఉండీ ఆ ముప్పు లేని అలాంటి ఇళ్ల కన్నా సుమారు 7 శాతం తక్కువకు అమ్ముడవుతున్నాయని 2019లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ తగ్గింపు ఎక్కువగా కనిపించింది కాపురానికి కాక పెట్టుబడికి కొనేవాళ్ల బేరాల్లో. అంటే తెలిసినవాడు తగ్గించి అడిగాడు, తెలియనివాడు పూర్తి ధర ఇచ్చాడు. మన దగ్గర మొదటి రకం ఇంకా పుట్టలేదు. దూలపల్లిలో అంత తెలివిగా బేరమాడే మనమే భీమిలిలో రెండో రకం.

నిజానికి గీత లేకపోలేదు. ముంపు, కోత, నీటిమట్టం పెరుగుదల అన్నీ లెక్కలోకి తీసుకునే ప్రమాద రేఖ గురించి 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషనే చెప్పింది. సర్వే ఆఫ్ ఇండియా దాన్ని మ్యాపుల మీదికి ఎక్కించింది కూడా. 2019 నోటిఫికేషన్ వచ్చేసరికి అది విపత్తు ప్రణాళికలకు ఉపయోగపడే సాధనమైంది, నిర్మాణాలను ఆపేది కాకుండా పోయింది. కట్టడాలను ఆపకపోతే పోనీ, కొనేవాడికి కనిపించడానికేం అడ్డు? సర్వే నంబరు కొడితే 22-ఏ నిషేధిత జాబితా ఎలా కనిపిస్తోందో, ప్రమాద రేఖకు ఆ స్థలం ఇవతలో అవతలో కూడా అలాగే కనిపించాలి. ధరలు పడిపోతాయని బిల్డర్లు గోల పెడతారు. పెట్టనివ్వండి, తెలియక పెరిగిన ధర అది.

అంతవరకు కొనేవాళ్లు చేయగలిగింది లేకపోలేదు. గూగుల్ ఎర్త్‌లో ఏళ్లనాటి శాటిలైట్ చిత్రాలు ఉచితంగానే ఉన్నాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఓ అరగంట వాటి ముందు కూర్చోండి. ఆ తర్వాత ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయన్ని, మునుపు పడవలు ఎక్కడ లాగేవారని అడగండి.