గెలిచిన కేసు మళ్లీ మొదటికి

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. ట్రాక్టర్ ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు మూడో రకం ఏడుపు కూడా ఉంది. కింద ట్రిబ్యునల్లో గెలుస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకు పోతుంది. ఏళ్లు గడిచాక తీర్పు రద్దయి, మళ్లీ విచారించమని కేసు కిందికి వస్తుంది. దీన్నే రిమాండు అంటారు. పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సులో హైకోర్టుకు పోయిన ఆడమనిషికి వకీలు చెప్పేది ఒక్కటే: "ఓడిపోలేదమ్మా, కానీ గెలవనూ లేదు."

రిమాండు ప్రతిసారీ అన్యాయమని నేను అనను. ట్రిబ్యునల్ సాక్ష్యం చూడకుండా పిటిషన్ కొట్టేస్తే, సరిదిద్దే దారి అదే. కాగితాలన్నీ ఫైల్లో ఉన్నా వెనక్కి పంపడమే నా అభ్యంతరం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 24వ రూలు ప్రకారం, ఉన్న సాక్ష్యం సరిపోతే పైకోర్టే తేల్చేయవచ్చు. ఒకటి రెండు విషయాలే తేలాల్సి ఉంటే 25వ రూలు ఉంది. అప్పీలు తన దగ్గరే ఉంచుకొని, వాటిమీద మాత్రం సాక్ష్యం తీసి పంపమని కింది కోర్టును అడగవచ్చు.

పరిహారం లెక్క కట్టడమూ కష్టం కాదు. సొంత పని చేసుకునేవారి ఆదాయానికి 40 ఏళ్ల లోపైతే 40 శాతం, 40-50 మధ్య 25 శాతం, 50-60 మధ్య 10 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. వయసును బట్టి ఎన్నేళ్లకు గుణించాలో 2009 తీర్పులోనే పట్టిక ఉంది. లైసెన్సు పేచీకి కూడా చాలావరకు జవాబు దొరికింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపవచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది.

ఆలస్యమైతే కంపెనీకి పోయేదేమీ లేదు. మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ ప్రకారం అప్పీలుకు 25 వేలు లేదా తీర్పు సొమ్ములో సగం, ఏది తక్కువైతే అది కడితే చాలు. అంటే 10 లక్షల తీర్పు మీద 25 వేలే. స్టే ఇచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ కట్టమని హైకోర్టు అనవచ్చు గానీ, అది ఆ రోజు కోర్టు ఇష్టం. కంపెనీకి వడ్డీ ఒక పద్దు మాత్రమే. మన ఇంట్లో మాత్రం అప్పు పెరుగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది.

అందుకే సంఘం అడగాల్సినవి మూడు. రికార్డులో సాక్ష్యం ఉంటే హైకోర్టే తుది తీర్పు ఇవ్వాలి. రిమాండు తప్పకపోతే గడువు పెట్టాలి. పేచీ లేని సొమ్మును ముందే కుటుంబానికి విడుదల చేయాలి.

మన వంతు పనీ ఉంది. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ, పాస్‌బుక్, పంట అమ్మిన రసీదులు మొదటి విచారణలోనే కోర్టు రికార్డుకు ఎక్కించాలి. అక్కడ వదిలిన ఒక్క కాగితమే రేపు రిమాండుకు సాకు అవుతుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. దినకర్మలు అయ్యాక చూద్దామని కూర్చోవద్దు. ఊళ్లో ప్రమాదం జరిగిన రోజే మండల కమిటీకి కబురు చేయండి.