లారెల్‌ను విస్మరించిన అధ్యక్షుల జాబితా

సంపాదకులకు,

ఫిలిప్పీన్స్ అధ్యక్షులపై ఈ పత్రికలో వెలువడిన వ్యాసం, 1899లో మలోలోస్‌లో ఏర్పడిన తొలి గణతంత్రానికి సారథియైన ఎమిలియో అగినాల్డోకు సముచిత స్థానమిచ్చినా, మాన్యుయెల్ కెజోన్ తరువాత నేరుగా సెర్హియో ఒస్మేన్యాను పేర్కొని, హోసే లారెల్‌ను కీలుబొమ్మగా తోసిపుచ్చడం చరిత్రకు న్యాయం చేయదు. జపాన్ ఆక్రమణలో 1943 అక్టోబరు 14న నెలకొన్న రెండో గణతంత్రానికి లారెల్ అధ్యక్షుడు కాగా, అదే కాలంలో కామన్వెల్త్, అనగా అమెరికా ఆధిపత్యం కింద 1935లో ఏర్పడిన స్వపరిపాలనా ప్రభుత్వం, కెజోన్ నాయకత్వాన అమెరికాలో ప్రవాసంలో కొనసాగింది. 1944 ఆగస్టు 1న కెజోన్ మరణించగా ఒస్మేన్యా కామన్వెల్త్ అధ్యక్ష పదవి చేపట్టాడు. ఒకే దేశానికి ఇద్దరు అధ్యక్షులున్న ఆ విషమస్థితిని వివరించని ఏ జాబితా అయినా అసంపూర్ణమే.

జపాన్ ఒత్తిడికి లొంగి 1944 సెప్టెంబరులో అమెరికా, బ్రిటన్‌లతో యుద్ధస్థితిని ప్రకటించినా, ఫిలిప్పినోలను నిర్బంధంగా సైన్యంలో చేర్చడానికి లారెల్ సమ్మతించలేదు. ఇది చిన్న విషయం కాదు. ఆయనపై మోపిన దేశద్రోహాభియోగాలు 1948లో అధ్యక్షుడు మాన్యుయెల్ రోహాస్ ప్రకటించిన క్షమాభిక్షతో ముగిశాయి. 1949 అధ్యక్ష ఎన్నికలో లారెల్ ఎల్పిడియో కిరినో చేతిలో ఓడినా, 1951లో ప్రజలు ఆయనను సెనేట్‌కు అత్యధిక ఓట్లతో పంపారు. నేటి అధికారిక జాబితాలో లారెల్ మూడో అధ్యక్షుడు. పత్రిక తన జాబితాను ఆ మేరకు సవరించడం అవసరం.

ఒక పాఠకుడు