గల్ఫు పెట్టెలో ఏమి సర్దుదాము?



కోనసీమలోను, పశ్చిమగోదావరిలోను, కడప జిల్లాలోను ఏ సంఘమునకు వెళ్ళినా, కువైట్‌కో మస్కట్‌కో దుబాయికో వెళ్ళినవారు ఒకరైనా లేని వీధి కనబడదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు కూడా అంతే. బయలుదేరే ముందురోజు సాయంకాలము ఇంటివారు ప్రార్థన పెట్టిస్తారు. నడింట్లో పెట్టె, చుట్టూ బంధువులు. మేము 121వ కీర్తన చదివి, పెట్టె మీద చెయ్యి వేసి ప్రార్థించి, టీ తాగి వచ్చేస్తాము. ఎన్నో ఏళ్ళు మేము చేసినది ఇంతే. ఆ పెట్టెలో ఏమున్నదో ఒక్కసారీ అడగలేదు. ఆ బిడ్డ వెళ్ళే చోట ఎండ ఎట్లుంటుందో చెప్పలేదు. ఈ నెల మా తప్పును ఒప్పుకొని, ఆ సంగతులే వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని ఒక తమ్ముడు కట్టడపు పనికి కువైట్ వెళ్ళాడు. మొదటి వేసవిలో ఫోను చేసి, "అయ్యగారూ, మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు తిరుగుతున్నాయండి. పిక్కలు పట్టేస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. మేము యోబు ఓర్పును గురించి నాలుగు మాటలు చెప్పి, "అప్పు తీరేదాకా ఓర్చుకో నాయనా, ప్రార్థన చేస్తాము" అన్నాము. నీళ్ళు తాగుచున్నావా అని అడగలేదు. అతడు ఓర్చుకున్నాడు. రోజూ ఒళ్ళు నొప్పుల మాత్ర వేసుకొని మరీ ఓర్చుకున్నాడు. ఒకనాడు పని చోటనే పడిపోయాడు. దేవుని కృప వలన ప్రాణము దక్కినది గాని, మూత్రపిండములు దెబ్బతిని ఇంటికి వచ్చాడు. మేము చూడబోయినప్పుడు, "మీరు చెప్పినట్టే ఓర్చుకున్నానండి" అన్నాడు. అతడు నిందించి అనలేదు. అయినను ఆ మాట ఇప్పటికీ మా చెవిలోనే ఉన్నది.

ప్రియులారా, మన ఊరి ఎండ మనకు తెలుసు. అక్కడి ఎండ వేరు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అను చోట 53.9 డిగ్రీలు నమోదైనది. సముద్రతీరములలో దీనికి ఉక్క తోడవుతుంది. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. ఉక్కలో చెమట ఆరదు. లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అందుచేత గల్ఫుకు పోయే బిడ్డ పెట్టె సర్దేటప్పుడు ఈ ఎండను ఎదురుగా పెట్టుకొని సర్దవలెను.

మొదటి సంగతి, మూట తేలికగా ఉండవలెను. మన తల్లుల ప్రేమ అంతా పచ్చడి జాడీలలోనే ఉంటుంది. అది మంచిదే. కాని టిక్కెట్టు మీద ఎన్ని కిలోలు వ్రాసి ఉంటే అన్ని కిలోలే పోనిస్తారు. ఎక్కువైన దానికి విమానాశ్రయములో రుసుము కట్టలేక, బట్టలు తీసి పారేసి పచ్చడి పట్టుకుపోయినవారిని మేమెరుగుదుము. నూనె పచ్చళ్ళు చేతిసంచిలో పెట్టవద్దు, ఒకటి రెండు సీసాలు గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పెట్టండి. గసగసాలు మాత్రము చిటికెడైనా వద్దు. మనకు అది మసాలా దినుసు. సౌదీ, యు.ఎ.ఇ. వంటి దేశములలో అది నిషిద్ధము, జైలు పాలు కావచ్చును. "మా అక్కకు ఇవ్వు బాబూ" అని ఎవరైనా కట్టిన పొట్లము ఇస్తే, వారి ముందే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. ఇందులో మొగమాటము పనికిరాదు.

బట్టలు నాలుగైదు జతలు చాలు. పలుచని నూలువి, లేత రంగువి, వదులుగా ఉండి నిండు చేతులవి. ఒంటిని కప్పిన నూలు బట్ట ఎండను ఆపుతుంది. తల మీద తడిపి వేసుకొనుటకు రెండు తువ్వాళ్ళు, ఒక టోపీ, ఒక నీళ్ళ సీసా ఉండవలెను. ఒక స్వెట్టరు కూడా పెట్టండి. డిసెంబరు, జనవరి నెలల రాత్రులు అక్కడ చలిగానే ఉంటాయి. చెరసాలలోనున్న పౌలు తిమోతికి వ్రాసి అడిగినవి ఒక అంగీ, కొన్ని పుస్తకములే (2 తిమోతి 4:13). తనకు ఏది అవసరమో ఆయనకు తెలుసు.

రోజూ వేసుకొనే మందులుంటే అట్టలతోనే, డాక్టరు చీటీతో సహా పట్టుకొని వెళ్ళవలెను. విడి మాత్రలు కాగితములో చుట్టి పెట్టవద్దు. నిద్ర మాత్రలు, కొన్ని దగ్గు మందులు, గట్టి నొప్పి మాత్రలు అక్కడ అనుమతి లేనిదే తీసుకుపోకూడదు. బి.పి. మాత్రలలో ఒంటిలోని నీటిని బయటకు పంపేవి కొన్ని ఉన్నాయి. ఎండ దేశమునకు వెళ్ళుచున్నానని డాక్టరుకు ముందే చెప్పండి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము నకళ్ళు రెండేసి తీయించి, ఒకటి పెట్టెలో, ఒకటి ఇంటిలో ఉంచండి.

రెండవ సంగతి, నీరు, నీడ, విశ్రాంతి. కొత్త వేడికి ఒళ్ళు అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పడుతుంది. ఆ మొదటి రోజులే ఎక్కువ ప్రమాదము. దాహము వేసేదాకా ఆగకూడదు. ఎండలో పని చేయువారు ఇరవై నిమిషములకొకసారి ఒక గ్లాసు నీళ్ళు తాగవలెను. మూత్రము లేత రంగున ఉంటే నీరు చాలినట్టు, ముదురు పసుపు అయితే చాలనట్టు. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక భోజనము మానకూడదు. బాగా నీరసించినప్పుడు ఒక లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకొని తాగవచ్చును. చిన్న చెంచాతో, తలగొట్టి కొలవండి. నీళ్ళు తాగక ఒళ్ళు నొప్పుల మాత్రలు మింగితే మూత్రపిండములకు దెబ్బ. మా తమ్ముని సంగతి అదే.

ఇంటి పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మాటిమాటికి బయటికి వెళ్ళవలసి వస్తుందని మీరు నీళ్ళు మానేస్తారు. దాని వలన మూత్రములో మంట, జ్వరము వస్తాయి. సిగ్గుపడక తాగండి.

కువైట్‌లో జూన్ మొదలు ఆగస్టు వరకు ఉదయము 11 నుండి సాయంకాలము 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమమున్నది. మిగతా గల్ఫు దేశములలోను ఇటువంటి నియమములున్నాయి. మన బిడ్డలకు ఇవి తెలిసి ఉండవలెను.

మూడవ సంగతి, ప్రమాద సూచనలు. తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టుట, కళ్ళు తిరుగుట వస్తే పని ఆపి నీడకు చేరి, బట్టలు వదులు చేసుకొని నీళ్ళు తాగవలెను. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, మనుష్యుల పోలిక తెలియకపోతే అది వడదెబ్బ, ప్రాణాపాయము. ఒళ్ళంతా తడిపి విసరుతూ, వెంటనే అంబులెన్సును పిలవండి. కువైట్‌లో నంబరు 112. స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయవద్దు.

షూనేమీయురాలి కుమారుడు కోత కాలములో పొలమునకు వెళ్ళి, తల నొప్పి అని తండ్రితో మొరపెట్టుకున్నాడు (2 రాజులు 4). అది వడదెబ్బయని వాక్యములో లేదు గాని, అట్లు తలంచువారు అనేకులు. ఆ తండ్రి "ఓర్చుకో" అనలేదు. వెంటనే తల్లియొద్దకు చేర్పించాడు. పగటి ఎండ వలన హాని రాకుండ దేవుడు కాపాడునని కీర్తన చెప్పుచున్నది, నిజమే. ఆ వాగ్దానమును పట్టుకొని మండుటెండలో నీళ్ళు లేక నిలబడుట విశ్వాసము కాదు, అది ప్రభువును శోధించుటే.

చివరిగా ఇంటివారితో ఒక మాట. బిడ్డ మోసే మూటలన్నిటిలోను బరువైనది పెట్టె కాదు, ఇంటి నుండి వచ్చే ఫోను. "వడ్డీ కట్టాలి, చెల్లెలి పెండ్లి దగ్గరపడింది" అని ప్రతి వారము చెప్పుచుంటే, ఒంటిలో బాగులేదని చెప్పుటకు అతనికి నోరు రాదు. డబ్బు సంగతికి ముందు అడగవలసినవి మూడు: అన్నము తిన్నావా, నీళ్ళు తాగుచున్నావా, నిద్ర పట్టుచున్నదా? సెలవు పెట్టి వచ్చేస్తానంటే, "రా నాయనా" అనే ఇల్లు వెనుక ఉండవలెను.

అలసి చెట్టు క్రింద పడుకొని చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగము పంపలేదు. రొట్టె, నీళ్ళు పంపాడు. పడుకొననిచ్చి, మరల లేపి మరల తినిపించాడు. దూర ప్రయాణమని ఆయనకు తెలుసు (1 రాజులు 19). మేము ఆ తమ్మునికి ఓర్పును గురించి చెప్పినప్పుడు ఈ వాక్యము మరచిపోయాము. ఇప్పుడు పెట్టె మీద చెయ్యి వేసే ముందు మూత తెరిపించి చూస్తున్నాము. నీళ్ళ సీసా ఉంటేనే ప్రార్థన మొదలుపెడుతున్నాము. ఆ తమ్ముడే మా ప్రక్కన కూర్చుండి, వెళ్ళేవారికి తన సంగతి చెప్పుచున్నాడు.

పరదేశములలో కష్టపడుచున్న మన బిడ్డలందరినీ మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు వారికి నీడయై యుండును గాక. ఆమేన్.