ముక్కు చూసి మందు కొనండి

బియ్యంలో కనబడినా పురుగే, కందుల్లో కనబడినా పురుగే, కొబ్బరి మొవ్వులో కనబడినా పురుగే. మన రైతు నోట అన్నిటికీ ఒకటే పేరు. మందుల షాపులో కూడా అన్నిటికీ ఒకటే సమాధానం: "ఇది కొట్టండి, పోతుంది." చివరికి పోయేది చేతిలో డబ్బే. ఎకరం, అరెకరం చేసుకునేవాడికి ఒక డబ్బా మందు దండగ కావడమంటే చిన్న విషయం కాదు. అందుకే పురుగుల పుట్టుపూర్వోత్తరాలు కాలేజీ చదువులకే వదిలెయ్యకూడదని, అవి సన్నకారు రైతుకే ముందు తెలియాలని నా అభిప్రాయం. ముక్కు పురుగులనే తీసుకుందాం.

ఇవి పెంకు పురుగుల తెగలోవి. పైన గట్టి పెంకు రెక్కలు, వాటి కింద పల్చటి రెక్కలు. తేడా అంతా ముఖంలో ఉంది. తల ముందుకు సాగి ఏనుగు తొండంలా ఉంటుంది. నోరు ఆ తొండం కొసన ఉంటుంది. మీసాలు తొండం మీదే మొలిచి, మోచెయ్యి మడిచినట్లు మధ్యలో వంగుతాయి. పిల్ల పురుగు తెల్లగా, లావుగా ఉంటుంది, కాళ్ళుండవు. ఈ మూడు గుర్తులు చాలు. ప్రపంచంలో ఇప్పటికి గుర్తించినవి 60 వేల రకాల పైమాటే. మన పంటలకు చేటు చేసేవి మాత్రం కొద్ది రకాలే.

పిల్ల పురుగుకు కాళ్ళెందుకు లేవో ఆలోచిస్తే సగం వ్యవసాయం అర్థమవుతుంది. చాలా రకాల్లో తల్లి పురుగు తొండంతో గింజకో, కాండానికో బెజ్జం పెట్టి అందులోనే గుడ్డు పెడుతుంది. పిల్ల పుట్టేదే తిండి మధ్యలో. ఇక నడవాల్సిన పనేముంది? పైన కొట్టిన మందు లోపలున్న దానికి తగలదు. ఇదీ అసలు కీలకం.

బియ్యం పురుగునే చూడండి. సుమారు 3 మిల్లీమీటర్లుంటుంది. ముదురు గోధుమ రంగు, రెక్కల మీద నాలుగు లేత మచ్చలు. గింజలో గుడ్డు పెట్టి బంకలాంటి పదార్థంతో బెజ్జం మూసేస్తుంది. పిల్ల పురుగు గింజలోనే పెరిగి, నెలా నెలన్నరకు రెక్కల పురుగై బయటకొస్తుంది. ఎండలో పోసినప్పుడు పారిపోయేవి పెద్దవే. పిల్లలు గింజలోనే ఉంటాయి, అందుకే మళ్ళీ కనబడతాయి. పొట్టు చెదరని వడ్లలోకి ఇది అంత తేలిగ్గా దూరలేదు. ఏడాది తిండికి మొత్తం ఒకేసారి మరపట్టించకుండా వడ్లుగా గాదెలోనో పురిలోనో ఉంచి, నెలకింతని ఆడించుకున్న పెద్దల పద్ధతిలో ఇంత లెక్కుంది. తేమ 12 శాతానికి మించకుండా ఎండబెడితే చాలు, సగం బాధ తప్పుతుంది.

కంది, పెసర, మినుములో పడే పుచ్చు పురుగు వేరు. దానికి తొండం లేదు. గుడ్లను గింజ పైనే తెల్లచుక్కల్లా అంటిస్తుంది. చేలో కాయ మీదే మొదలుపెట్టి గింజతోపాటు ఇంటికొస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబంలో చేర్చారు. గింజలను పప్పుగా విడగొట్టినా, కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినా, గింజల పైన అంగుళం మందాన పొడి ఇసుక పోసినా దీని ఆట కడుతుంది. ఖర్చు దాదాపు లేదు.

ఇది తెలియకే కొందరు బియ్యం బస్తాల్లో పొగబిళ్ళలు పెట్టి అదే ఇంట్లో పడుకుంటున్నారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగును, మనిషిని తేడా లేకుండా చంపుతుంది. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే వాడాలని నిబంధన ఉంది. ఇంట్లో పిల్లలున్న రైతు వీటిని గడప దాటనివ్వకూడదు.

కొబ్బరిలో పేర్ల గందరగోళం ఇంకా ఖరీదైంది. నల్లటి కొమ్ము పురుగు వేరు, ఎర్ర ముక్కు పురుగు వేరు. కొమ్ము పురుగు పెంటకుప్పలో పెరుగుతుంది, దాని పిల్లకు కాళ్ళుంటాయి. అది మొవ్వును కొరికితే విచ్చుకున్న ఆకు కత్తిరించినట్లు కనబడుతుంది. ఆ గాయం వాసనకే ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. దాని పిల్లలు మానులోనే పెరుగుతాయి. బెజ్జాల్లోంచి ఎర్రటి జిగురు కారడం, నమిలిన పీచు బయటపడటం, మానుకు చెవి పెడితే కొరికే చప్పుడు వినబడటం గుర్తులు. తల వాలిపోయాక చేసేదేమీ లేదు. కాబట్టి పెంటకుప్పను పట్టించుకోని రైతు ఎర్ర పురుగుకు తలుపు తీసినట్లే. పచ్చి మట్టలు కొట్టేటప్పుడు మానుకు నాలుగడుగులు వదిలి కొట్టాలి. లింగాకర్షక బుట్టలు ఒక్కరు పెడితే చాలదు, చుట్టుపక్కల తోటలన్నీ కలిసి పెట్టాలి.

నూజివీడు మామిడి రైతుకు టెంక పురుగు తలనొప్పి. పిందె మీద గుడ్డు పెడుతుంది, ఆ గాయం మానిపోతుంది. పండు పైకి నిగనిగలాడుతుంది, టెంకలో పురుగుంటుంది. కాయ పెరిగాక కొట్టే మందంతా వృథా. ఇది ఏడాదికి ఒక్క తరమే, ఎక్కువ దూరం ఎగరదు. టెంకల్లో మోసుకెళ్ళి పంచేది మనమే. రాలిన కాయలు, టెంకలు ఏరి లోతుగా పాతిపెడితే వచ్చే ఏటికి బలం తగ్గుతుంది. 2007లో అమెరికా మన మామిడికి మళ్ళీ తలుపు తెరిచినా, పండును రేడియేషన్‌తో శుద్ధి చేయాలని షరతు పెట్టిన కారణాల్లో ఈ చిన్న పురుగు ఒకటి.

వంగలో ఆకు అంచుల్ని కొరికే బూడిద రంగు ముక్కు పురుగు పిల్లలేమో మట్టిలో వేళ్ళు తింటాయి. ఆకు మీద కొట్టి ఊరుకుంటే మొక్క వాడిపోతూనే ఉంటుంది. భూమిలో వేపపిండి పడాలి.

ముక్కు ఉన్నదల్లా శత్రువనుకోవడమూ పొరపాటే. పామాయిల్ తోటల్లో మగపూలకూ ఆడపూలకూ మధ్య తిరిగే నల్లటి చిన్న ముక్కు పురుగు ఆఫ్రికా నుంచి 1981లో మలేసియాకు, 1985లో మన దేశానికి తెచ్చింది. పుప్పొడి మోసేది అదే. అది లేకపోతే గెలలో కాయ నిండదు. పక్కవాడు కొట్టాడని మనమూ మందు కొడితే సొంత కూలీని చంపుకున్నట్లే.

రైతు అడగాల్సింది రెండే. ఒకటి, ప్రతి రైతు సేవా కేంద్రంలో మన మండలంలో దొరికే పురుగుల్ని సూదికి గుచ్చి, అద్దాల పెట్టెలో, తెలుగు పేరుతో పెట్టాలి. పెద్ద ఖర్చేమీ కాదు. పోస్టర్లు గోడకు అంటిస్తే చాలదు, బొమ్మలో మూడు మిల్లీమీటర్ల పురుగూ బల్లంత కనబడుతుంది. రెండు, పురుగును చూడకుండా మందు ఇవ్వడం మానాలి. ఇది షాపువాడి మీదే వదిలేస్తే జరగదు. పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్ళండి. చూసి పేరు చెప్పమనండి. చెప్పలేనివాడి దగ్గర డబ్బు తీయకండి.